రెండు రామగిరులు, ఒక సగటు

భూమి పైపొరలో ఏ మూలకం ఎంత ఉందో చూపే గుండ్రటి బొమ్మ ఒకటి పాఠ్యపుస్తకాల్లోనూ పోటీ పరీక్షల గైడ్లలోనూ తరచూ కనిపిస్తుంది. అందులో దాదాపు సగం ఆక్సిజన్‌ది, పావుకు కొంచెం పైన సిలికాన్‌ది. అల్యూమినియం, ఇనుము, కాల్షియం, సోడియం, పొటాషియం, మెగ్నీషియంలకు తలా ఒక ముక్క దక్కగా, ప్రకృతిలో దొరికే మిగతా ఎనభై పైచిలుకు మూలకాలన్నీ ‘ఇతరములు’ అనే పేరుతో ఒక సన్నని చీలికలో ఇరుక్కుని ఉంటాయి. పెద్దపల్లి జిల్లాలోని రామగిరి మండలం మొదలుకొని గోదావరిఖని, రామగుండం వరకు వ్యాపించిన బొగ్గు ప్రాంతంలో వేల కుటుంబాలకు కూడు పెట్టిన కార్బన్ కూడా ఆ చీలికలోదే; దానికి విడిగా గీత గీయాలన్నా పెన్సిలు మొన మొద్దుబారేంత కొద్దిపాటిది. బొమ్మ చెప్పేది నిజమే, బొగ్గు బాయి చెప్పేదీ నిజమే. ఈ రెండు నిజాలకూ పొత్తు కుదరాలంటే ఆ బొమ్మ దేన్ని కొలిచింది, ఏ లెక్కన కొలిచింది, ఏ కొలబద్ద మీద గీసింది అన్న సంగతులు తెలియాలి.

మూలకం అంటే రసాయన చర్యలతో ఇంకా సరళమైన పదార్థాలుగా విడగొట్టడానికి వీలులేని పదార్థం. భూపటలం అంటే ఖండాల కింద సగటున 35-40 కిలోమీటర్ల మందం, సముద్రాల కింద అంతకన్నా చాలా తక్కువ మందం ఉన్న గట్టి రాతిపొర. దాని అడుగుదాకా ఎవరూ తవ్వి చూడలేదు. రామగిరి ప్రాంతంలోని అడ్రియాల లాంగ్‌వాల్ వంటి లోతైన బొగ్గు గని కూడా అందులో కొన్ని వందల మీటర్లకు మించి దిగదు. అయినా దాని సగటు కూర్పును లెక్కగట్టే సాహసం 19వ శతాబ్దంలోనే జరిగింది. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో ముఖ్య రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన ఫ్రాంక్ విగిల్స్‌వర్త్ క్లార్క్ 1889లో మూలకాల సాపేక్ష సమృద్ధి మీద, అంటే ఒకదానితో పోలిస్తే మరొకటి ఎంత మేరకు ఉందన్న విషయం మీద, తన లెక్కను ప్రకటించాడు. వేర్వేరు చోట్ల సేకరించిన రాళ్ల రసాయన విశ్లేషణలను పోగుచేసి సగటు తీయడం ఆయన పద్ధతి. 1924లో హెన్రీ వాషింగ్టన్‌తో కలిసి వెలువరించిన లెక్కకు 5,159 విశ్లేషణలు ఆధారం. ఆయన గౌరవార్థం సోవియట్ భూరసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫెర్స్‌మన్ భూపటలంలో ఒక మూలకానికి ఉన్న సగటు వంతుకు ‘క్లార్కు’ అని పేరు పెట్టాడు.

నార్వేలో విక్టర్ గోల్డ్‌ష్మిట్ మరో దారి పట్టాడు. హిమనదాలు విశాలమైన ప్రాంతపు రాళ్లను పిండిచేసి, కలిపి, దించిపోయిన బంకమట్టిని విశ్లేషిస్తే ప్రకృతి స్వయంగా తీసిపెట్టిన సగటు చేతికందుతుందని ఆయన తర్కం. వచ్చిన ఫలితం క్లార్క్ లెక్కకు దగ్గరగానే ఉంది. రామగుండం దగ్గరి గోదావరి ఒండ్రుతో అదే పని చేస్తే మాత్రం లెక్క కాస్త పక్కకు ఒరుగుతుంది, ఎందుకంటే ఈ నది ఎగువన మహారాష్ట్రలో ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా ఉండే దక్కను బసాల్టు మీదుగా, అంటే ఒకప్పుడు లావాగా పారి గడ్డకట్టిన రాతి మీదుగా, ప్రవహించి వస్తుంది. ఏ నేల మట్టి అయినా తన పుట్టింటి రాళ్ల గుణాన్ని వదులుకోదు కాబట్టి, సగటు అనేది చాలా చోట్ల లెక్కలు కలిపితేనే పుట్టే సంఖ్య తప్ప ఏ ఒక్క చోటా ఉన్నదున్నట్టు దొరికే పదార్థం కాదు.

సగటు లెక్కలోని అంకెల మధ్య అంతరం ఎంతటిదో శాతాల్లో చదివితే మనసుకు ఎక్కదు. హైదరాబాదును రామగుండంతో కలిపే రాజీవ్ రహదారిని లెక్క సులువు కోసం సరిగ్గా 200 కిలోమీటర్లు అనుకుని, భూపటలం బరువంతటినీ ఆ పొడవుగా పరిచి, హైదరాబాదు వైపు నుంచి ఒక్కొక్క మూలకానికి దాని వంతు దూరాన్ని పంచితే సంగతి స్పష్టమవుతుంది. 46.6 శాతం ఉన్న ఆక్సిజన్‌కు 93 కిలోమీటర్లు వస్తుంది, అంటే సిద్దిపేట చేరువ దాకా దారంతా దానిదే. 27.7 శాతం ఉన్న సిలికాన్ అక్కడి నుంచి మరో 55 కిలోమీటర్లు ఆక్రమించి కరీంనగర్ దాపులకు చేరుస్తుంది. ఆ తర్వాత అల్యూమినియానికి 16, ఇనుముకు 10, కాల్షియానికి 7, సోడియానికి ఐదున్నర, పొటాషియానికి 5, మెగ్నీషియానికి 4 కిలోమీటర్ల పైచిలుకు చొప్పున పోగా, మిగిలేది దాదాపు 3 కిలోమీటర్లు. ఈ మూడు కిలోమీటర్లలోనే తక్కిన మూలకాలన్నీ సర్దుకోవాలి: టైటానియం సుమారు ఒక కిలోమీటరు తీసుకుంటుంది, హైడ్రోజన్ 280 మీటర్లు, ఫాస్ఫరస్ 200 మీటర్లు. కార్బన్ వాటా దాదాపు 40 మీటర్లు, అంటే నాలుగు బొగ్గు లారీలు వరుసగా ఆగే జాగా. రాగికి 12 మీటర్లు, సీసానికి మూడు మీటర్లలోపు, యురేనియానికి అర మీటరు, వెండికి ఒకటిన్నర సెంటీమీటరు. ఇక బంగారానిది ఒక మిల్లీమీటరు కూడా నిండదు. చిన్న మూలకాల సగటు విషయంలో ఒక గ్రంథానికీ మరో గ్రంథానికీ అంకెలు కొంత తేడాగా ఉంటాయి గాని, ఆ తేడాలకు ఈ దారి రూపురేఖలు మారవు.

ఈ దూరాలన్నీ బరువు లెక్కవి. బరువును పక్కన పెట్టి పరమాణువుల సంఖ్యను లెక్కిస్తే వరుసలు తారుమారవుతాయి. ఒక ఇనుము పరమాణువు దాదాపు 56 హైడ్రోజన్ పరమాణువులంత బరువు తూగుతుంది కాబట్టి, బరువులో 0.14 శాతమే ఉన్న హైడ్రోజన్ సంఖ్యలో 3 శాతానికి చేరి, 5 శాతం బరువున్న ఇనుమును వెనక్కి నెడుతుంది. ఆక్సిజన్ 60 శాతం దాటిపోతుంది. బరువూ సంఖ్యా కాక, పరమాణువులు ఆక్రమించే చోటును కొలిస్తే ఆక్సిజన్ వాటా 90 శాతాన్ని మించుతుందని గోల్డ్‌ష్మిట్ చూపాడు. ఖనిజాల్లో ఆక్సిజన్ పెద్ద అయానుగా, అంటే విద్యుదావేశం గల పరమాణువుగా, ఉండడమూ సిలికాన్, అల్యూమినియం వంటివి దాని సందుల్లో ఒదిగే చిన్న అయాన్లు కావడమూ ఇందుకు కారణం. భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో రామగుండం ఇసుకరాయి అన్న పేరుతోనే నమోదైన, వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాతిపొర ఒకటి ఈ ప్రాంతంలో ఉంది. దానిలోని ఇసుక రేణువుల్లో ముఖ్యమైనది క్వార్ట్జ్. ఒక్కో సిలికాన్‌కు రెండేసి ఆక్సిజన్‌ల చొప్పున కలిసిన ఆ ఖనిజపు బరువులో 53 శాతం ఆక్సిజనే. ప్రాణవాయువు అనగానే గాలిని తలచుకోవడం అలవాటు; భూమి మీది ఆక్సిజన్‌లో అత్యధిక భాగం మాత్రం పీల్చడానికి పనికిరాకుండా రాళ్లలో బిగిసి ఉంది.

కొలిచే వస్తువు మారినా బొమ్మ మారుతుంది. భూమి మొత్తం బరువులో భూపటలం ఒక శాతం కూడా కాదు. మొత్తం భూమిని తూచితే మొదటి స్థానం సుమారు 32 శాతంతో ఇనుముకు దక్కుతుంది, 30 శాతంతో ఆక్సిజన్ రెండోదవుతుంది, సిలికాన్, మెగ్నీషియం చెరో 15 శాతం చొప్పున వాటి వెనక నిలుస్తాయి, పైపొరలో మూడోదైన అల్యూమినియం ఒకటిన్నర శాతానికి పడిపోతుంది. భూమి కరిగిన ముద్దగా ఉన్న తొలి రోజుల్లో బరువైన ఇనుము కేంద్రానికి దిగిపోయి, తనతో పొత్తు కుదిరే నికెల్, బంగారం, ప్లాటినం వంటి లోహాలను కూడా లోపలికి లాక్కుపోయింది. బంగారం పైన అరుదు కావడానికి ఒక ముఖ్య కారణం ఇదే. విశ్వమంతటినీ లెక్కిస్తే మరో చిత్రం వస్తుంది: సాధారణ పదార్థపు బరువులో ముప్పాతిక వంతు హైడ్రోజన్, మిగిలినదాంట్లో సింహభాగం హీలియం. ఈ హీలియం కథలో తెలుగు నేలకూ పాత్ర ఉంది. 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించిన ఫ్రెంచి ఖగోళవేత్త పియర్ జాన్సెన్, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని విడదీసి చూసి అందులో మెరిసే గీతలను నమోదు చేశాడు. ఆ ఏడాది సాగిన పరిశీలనల్లో కనబడిన పసుపు గీత భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ చెందదని తేలడంతో హీలియం అన్న పేరు పుట్టింది. విశ్వంలో రెండో స్థానంలో ఉన్న ఆ మూలకాన్ని భూమి మీద పట్టుకోవడానికి 1895 దాకా, విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వెలికితీసేదాకా, ఆగవలసి వచ్చింది. అది దేనితోనూ కలవదు, తేలిక కావడంతో భూమి ఆకర్షణకు లొంగక అంతరిక్షంలోకి జారిపోతుంది.

ఇంత అంతరం ఉన్న అంకెలను ఒకే కాగితం మీద చూపడానికి శాస్త్రవేత్తలు వాడే ఉపాయం లాగరిథమ్ కొలబద్ద, అంటే ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా విలువ పది రెట్లు పెరిగే కొలబద్ద. ఆక్సిజన్ బంగారం కన్నా పదకొండు కోట్ల రెట్లకు పైగా ఎక్కువ. మామూలు కొలబద్ద మీద ఇమడని ఈ తేడా లాగరిథమ్ కొలబద్ద మీద ఎనిమిది మెట్లలో ఇమిడిపోతుంది. ఉపాయం గొప్పదే గాని దానిలో ఒక మోసం ఉంది. ఆ కొలబద్దకు సున్నా ఉండదు కనుక ఎక్కడో ఒకచోట గీత గీసి అదే నేల అనుకోవాలి. పది లక్షల వంతుల్లో వెయ్యో వంతును నేలగా తీసుకుని కమ్మీలు నిలబెడితే, ఆక్సిజన్‌లో రెండు వేల వంతుల్లో ఒక వంతైనా లేని కార్బన్ కమ్మీ ఆక్సిజన్ కమ్మీ ఎత్తులో సగం దాటి నిలుస్తుంది. కింది అక్షరాలు చదవని వారికి భూపటలంలో కార్బన్‌కు కొదవే లేదనిపిస్తుంది. అందుచేత ఈ కొలబద్ద మీద కమ్మీలు నిలబెట్టడం తప్పుదారి పట్టించే పని. చుక్కలు పెట్టి గీతతో కలపడమే న్యాయం.

అలా కలిపినప్పుడు అంకెల పట్టికలో కనబడని ఒక సంగతి బయటపడుతుంది. పరమాణు సంఖ్య, అంటే కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య, సరిసంఖ్య అయిన మూలకం తన ఇరుగుపొరుగు బేసి మూలకాల కన్నా ఎక్కువగా ఉండడంతో గీత రంపపు పళ్ల మాదిరిగా లేస్తూ పడుతూ సాగుతుంది. 57వ మూలకం లాంథనం పది లక్షల వంతుల్లో సుమారు 39, 58వది సీరియం 66, 59వది ప్రెసియోడైమియం 9, 60వది నియోడైమియం 41. జ్యూసెప్పె ఒడ్డో 1914లోనూ విలియం హార్కిన్స్ 1917లోనూ గుర్తించిన ఈ నియమానికి మూలం నక్షత్రాల్లో ఉంది: జతలు కుదిరిన ప్రోటాన్లున్న కేంద్రకాలు స్థిరమైనవి, పైగా ఆక్సిజన్, సిలికాన్ వంటివి నక్షత్రాల గర్భంలో రెండేసి ప్రోటాన్లున్న హీలియం కేంద్రకాల చేరికతో తయారైనవి.

అమెరికాలోని శాంటాక్లారా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం షీహన్ 1970లో వేరే పద్ధతి ఎంచుకుని, మూలకాల ఆవర్తన పట్టికలోని గళ్లనే సమృద్ధిని బట్టి ఉబ్బించీ కుదించీ గీశాడు. యూరప్ రసాయన సంఘాల సమాఖ్య 2019లో, మెండలీవ్ రూపొందించిన ఆవర్తన పట్టికకు 150 ఏళ్లు నిండిన అంతర్జాతీయ సంవత్సరంలో, ఆ బొమ్మకు రంగులద్ది కొత్తగా విడుదల చేసింది. కొరత ముంచుకొస్తున్న మూలకాలకు ఎరుపు వేసింది, వాటిలో హీలియం ఒకటి. గోడకు తగిలించడానికి అందమైన బొమ్మే. అయితే దాని గళ్ల వైశాల్యం సమృద్ధికి కచ్చితమైన నిష్పత్తిలో లేదు, ఉండడం సాధ్యమూ కాదు. అలా గీస్తే బంగారానికి గడి కాదు గదా, చుక్క కూడా మిగలదు.

సగటు నుంచి రామగిరి ఎంత దూరం జరిగిందో చూడడానికి ఫెర్స్‌మన్ క్లార్కే ఉపయోగపడుతుంది. ఒకచోట ఒక మూలకం ఎంత మేరకు ఉందో కొలిచి, దాన్ని సగటుతో భాగిస్తే ఆ చోట అది ఎన్ని రెట్లు పోగుపడిందో తెలుస్తుంది. భూపటలంలో కార్బన్ సగటు 0.02 శాతం; ఇక్కడి బొగ్గులో రకాన్ని బట్టి బరువులో సగం అటూ ఇటుగా కార్బన్ ఉంటుంది. అంటే పోగుబడి రెండు వేల రెట్ల పైమాట. ఈ పోగుబడికి కర్తలు మొక్కలు. పాతిక కోట్ల ఏళ్లకు ముందు, పెర్మియన్ అని పిలిచే కాలంలో, భారతదేశం గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉన్నప్పుడు, గోదావరి లోయ నేల కొద్దికొద్దిగా కుంగుతూ చిత్తడిగా ఉండేది. గ్లాసాప్టెరిస్ వంటి ఆనాటి చెట్లు గాలిలో ఏ మూలనో ఉన్న కార్బన్ డయాక్సైడును పీల్చి కార్బన్‌ను తమ ఒంట్లో దాచుకున్నాయి. అవి కూలి, గాలి తగలని బురదలో కుళ్లిపోకుండా మిగిలి, పైన పేరుకున్న ఇసుక బరువుకూ లోపలి వేడికీ బొగ్గయ్యాయి. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర ఈ బొగ్గును గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి. భూపటలంలోని కార్బన్‌లో చాలా భాగం సున్నపురాయి వంటి కార్బొనేట్ రాళ్లలో ఉంది, బొగ్గు వాటా చాలా చిన్నది. అయితే సున్నపురాయిలోని కార్బన్ అప్పటికే ఆక్సిజన్‌తో పూర్తిగా కలిసిపోయింది కనుక మండదు. బొగ్గులోది ఇంకా కలవవలసి ఉంది కనుక మండుతుంది. పొయ్యికి పనికొచ్చేది ఎంత ఉందన్న లెక్క కాదు, ఏ రూపంలో ఉందన్న లెక్క.

బొగ్గు మండాక మిగిలే బూడిద ఈ విషయంలో మరీ ఆసక్తికరమైనది. భారతీయ బొగ్గులో బూడిద ఎక్కువ, బరువులో మూడో వంతు దాకా, కొన్నిటిలో అంతకు మించి ఉంటుంది. 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ కేంద్రం వంటి చోట్ల పొగగొట్టానికి ముందే పట్టే సన్నని బూడిదలో మామూలుగా 60 శాతం దాకా సిలికా, పాతిక శాతానికి పైగా అల్యూమినా, ఐదు శాతం అటూ ఇటుగా ఐరన్ ఆక్సైడు ఉంటాయి. వీటిని మూలకాలుగా విప్పి చూస్తే ఆక్సిజన్ సగానికి కొంచెం తక్కువ, సిలికాన్ పావుకు కొంచెం ఎక్కువ, తర్వాత అల్యూమినియం, ఆ తర్వాత ఇనుము: భూపటలం సగటులోని మొదటి నాలుగు స్థానాలు, అదే వరుసలో. అల్యూమినియం మాత్రం సగటు కన్నా హెచ్చు. చెట్లు పోగుచేసిన కార్బన్‌ను తీసేస్తే మిగిలేది ఆనాటి చిత్తడిలోకి కొట్టుకొచ్చిన బంకమట్టి, ఇసుక. పాఠ్యపుస్తకంలోని గుండ్రటి బొమ్మకు ఈ ప్రాంతంలో అత్యంత దగ్గరగా వచ్చే పదార్థం బూడిద చెరువులో ఉందని చెప్పవచ్చు.

భూగర్భ గనుల్లో జరిగే స్టోయింగ్ ఈ మూలకాల లెక్కకు మరో పార్శ్వం. బొగ్గు తీసిన తర్వాత మిగిలే ఖాళీని గని కార్మికులు గోఫ్ అంటారు. పైకప్పు కూలకుండా, పైన ఊళ్లూ చెరువులూ కుంగకుండా ఉండేందుకు ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా దింపి ఆ ఖాళీని నింపుతారు. మూలకాల భాషలో చెబితే కార్బన్‌ను పైకి తెచ్చి, దాని చోట సిలికాన్‌నూ ఆక్సిజన్‌నూ ఉంచడమన్నమాట. సమృద్ధిగా ఉన్నదానికి కరువు ఉండదన్న నమ్మకం ఇక్కడ తప్పుతుంది: భూపటలంలో మొదటి రెండు స్థానాల మూలకాలతో తయారైన ఇసుకకే నదుల్లో కటకట ఏర్పడడంతో, ఓపెన్ కాస్టుల్లో, అంటే పైనుంచి తెరిచి తవ్వే గనుల్లో, బొగ్గు మీది నుంచి తొలగించి గుట్టలుగా పోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టి నుంచి ఇసుకను వేరుచేసే పనికి సింగరేణి పూనుకోవలసి వచ్చింది.

నత్రజని సంగతి ఇంకా విడ్డూరం. భూపటలంలో అది పది లక్షల వంతుల్లో 20 మాత్రమే, గాలిలో 78 శాతం. రామగుండంలో ఒకప్పుడు బొగ్గు ఆధారంగా నడిచి 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో, సహజవాయువుతో పనిచేసే రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ 2021లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. గాలిలోని నత్రజనిని సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా, దాన్ని కార్బన్ డయాక్సైడుతో కలిపి యూరియా చేయడం అక్కడి ప్రక్రియ. తయారైన గుళికల్లో నత్రజని 46 శాతం. రాళ్ల లెక్కలో ఆనవాలు మాత్రంగా ఉన్న మూలకం గాలి లెక్కలో మొదటిది కావడంతో, తవ్వకం లేకుండానే ముడిసరుకు అందుతోంది.

తెలుగునాట రామగిరి పేరుతో మరో గని ఊరు ఉంది. పూర్వపు అనంతపురం జిల్లాలోని, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలోని ఆ రామగిరి బంగారానికి ప్రసిద్ధి. భూపటలంలో బంగారం సగటు టన్నుకు సుమారు 4 మిల్లీగ్రాములు. తవ్వితే గిట్టుబాటు కావాలంటే టన్నుకు కొన్ని గ్రాములైనా ఉండాలి, అంటే వెయ్యి రెట్ల పోగుబడి కావాలి. తెలంగాణ రామగిరిలో ఆ పని చెట్లు చేస్తే, రాయలసీమ రామగిరిలో వేడినీళ్లు చేశాయి: లోతుల్లోని ఉష్ణద్రవాలు రాళ్ల నుంచి బంగారాన్ని కరిగించి తెచ్చి, పగుళ్లలో క్వార్ట్జ్ ఈనెలతో పాటు వదిలిపెట్టాయి. ఈ పోగుబడి నోచుకోని మూలకాలు ఎంత ఉన్నా తవ్వేవారికి దండగే. రేర్ ఎర్త్ మూలకాల్లో ఒకటైన సీరియం భూపటలంలో దాదాపు రాగి అంత ఉంది. అయినా అది రాగిలాగా ఒకచోట కుప్పపడడం అరుదు, ఉత్తరాంధ్ర తీరంలో భీమునిపట్నం వంటి చోట్ల అలలు బరువైన రేణువులను జల్లించి సీరియం ఉండే మోనజైటు ఖనిజాన్ని ఒడ్డుకు చేర్చిన సందర్భాల్లో తప్ప. బంగారు రామగిరిలో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ నడిపిన గనులు మూతపడి ఉన్నాయి. బొగ్గు రామగిరిలో తవ్వకం సాగుతోంది.

పాఠ్యపుస్తకాలు కూర్చేవారు ఆ గుండ్రటి బొమ్మను తీసివేయనక్కరలేదు. అది భూపటలానిదా, మొత్తం భూమిదా అన్నదీ, బరువు లెక్కనా, పరమాణువుల లెక్కనా అన్నదీ, కొలబద్ద మామూలుదా లాగరిథమ్‌దా అన్నదీ బొమ్మ కింద ఒక్క వరుసలో అచ్చువేసి, దాని పక్కన ఆ జిల్లా నేల లెక్కను ఇంకో బొమ్మగా చూపితే చాలు. రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీలోనూ గోదావరిఖనిలోనూ ఉన్న బడుల్లో సైన్సు చెప్పే ఉపాధ్యాయులు అచ్చు కోసం ఎదురుచూడవలసిన పని కూడా లేదు. ఇసుకరాయి, బొగ్గు, బూడిద, యూరియా గుళికలు, నాలుగూ ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి.